ఆదివారం కోసం కాచిన ద్రాక్షరసం

శుక్రవారం రాత్రి

నా కూతురు సునీత పడుకుంది.

సాయంత్రం వేలు గుచ్చి చూసినప్పుడు షుగర్ ఎక్కువ వస్తే తను రాత్రంతా మాట్లాడదు. అందుకే మధ్యాహ్నం షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేశాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, పరీక్షలో కాపీ కొట్టినట్టు చేశాను. నాలుగింటికి ఒళ్ళంతా చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. చక్కెర డబ్బా సునీత బీరువాలో ఉంది, తాళంచెవి ఆమె బ్యాగులో. గోడ పట్టుకుని పక్కింటి యాదమ్మ దగ్గరికి వెళ్ళి కొంచెం చక్కెర పెట్టమన్నాను.

"మీ బిడ్డ ఇయ్యొద్దన్నది టీచరమ్మా. గల్లీల అందరికి చెప్పింది," అని నవ్వింది. తీపి మీద ఆశతో అడిగాననుకుంది. చెప్పబోతే నాకు మాట తడబడింది.

ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచాను. ఆదివారం చర్చిలో అందరికీ పంచే ప్రభు సంస్కారానికని నేనే కాచి పెట్టిన ద్రాక్షరసం ఉంది. నిలబడే సగం సీసా తాగేశాను. ప్రార్థన కూడా చేసుకోలేదు.

ఆఫీసు నుంచి వచ్చి అంకె చూసి సునీత మురిసిపోయింది. "నూట ముప్పై. మంచిగుంది మమ్మీ. రోజూ గిట్లనే ఉండాలె."

రోజూ.

నిజం చెబితే ఇక నన్ను ఇంట్లో ఒంటరిగా ఉండనివ్వదు. చెప్పకపోతే ఆదివారంలోగా ఆ సీసా నిండాలి. ద్రాక్ష మెట్టుగూడలో బండి మీద దొరుకుతుంది. చక్కెర మాత్రం ఇక్కడ ఏ కొట్టులోనూ నాకివ్వరు, సునీతనే మళ్ళీ అడగాలి.

మొన్న ఆ రసంలో చక్కెర ఆమే కొలిచి పోసింది. ఎన్ని చెంచాలో ఆమెకు బాగా గుర్తు.