గది ఎక్కడ, మాస్టారూ?

గౌరవనీయులైన మాస్టారికి,

నమస్కారాలు. నేను మీ నీటి పంపుల కోర్సులో చేరిన విద్యార్థినిని. ఎదురుగా నిలబడితే నోరు పెగలదు కనుక రాస్తున్నాను. క్లాసు ఏ గదిలోనో నోటీసులో లేదు. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట. దయచేసి గది నంబరు చెప్పగలరు.

విధేయురాలు,
వరస నంబరు తొమ్మిది

తా.క. ఆఫీసులో అడిగాను. మిమ్మల్నే అడగమన్నారు.

*

చిరంజీవి తొమ్మిదో నంబరుకు,

ఆశీస్సులు. చక్కని ప్రశ్న. ఇంతవరకు నువ్వేం ప్రయత్నించావు? ఇది ఎవరికి వారే నేర్చుకునే కోర్సు. నేను దేనికీ జవాబు చెప్పను. గది వెతకడం నీ మొదటి సమస్య. హాస్టల్ మూడో అంతస్తుకు నీళ్లెందుకు ఎక్కడం లేదన్నది రెండోది.

ఇట్లు,
నీ మార్గదర్శి

తా.క. ఈ పద్ధతి మీద నా పుస్తకం నాలుగు వందల పేజీలు. అందులోనూ జవాబులు లేవు.

*

గౌరవనీయులైన మాస్టారికి,

నమస్కారాలు. నాలుగు రోజులు కనబడ్డ తలుపల్లా తీశాను. ఒక గదిలో పరీక్ష జరుగుతోంది, ఇంకో గదిలో గుమాస్తాగారు కునుకు తీస్తున్నారు. చివరికి స్టోరు వెనక, విరిగిన బెంచీల గదిలో నాలాంటివాళ్లే పదకొండుమంది దొరికారు. ఇదేనా క్లాసు అని నన్నడిగారు. కాదంటే ఇంటికి పోయేలా ఉన్నారు. ఇదేనన్నాను.

అప్పటినుంచి రోజూ అక్కడే చదువుకుంటున్నాం. పైపు వెంట మెట్లెక్కితే రెండో సమస్యా తేలింది. పైవాళ్లు స్నానం చేస్తే తమకు ధార సన్నబడుతుందని రెండో అంతస్తువాళ్లు వాల్వు కట్టేశారు. తిప్పాం. నీళ్లొచ్చాయి.

విధేయురాలు,
తొమ్మిది

తా.క. బోర్డు దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి కదా, నన్ను నిలబెట్టారు. నోరు కొంచెం పెగిలింది. హాజరు పట్టీ కూడా మేమే రాస్తున్నాం. అందరికీ ఒకటే న్యాయమని అందులో మిమ్మల్నీ చేర్చాం.

*

చిరంజీవి తొమ్మిదికి,

ఆశీస్సులు. నా బోధన ఫలించిందని వైస్ ఛాన్సలర్‌గారికి నివేదిక పంపాను. ఆయన మురిసిపోయి, ఎల్లుండి నేను పాఠం చెబుతుండగా చూడడానికి వస్తానన్నారు.

ఇట్లు,
నీ మార్గదర్శి

తా.క. స్టోరు వెనక అన్నావు, అసలు స్టోరు ఎక్కడ? నెలరోజులుగా లైబ్రరీలో కూర్చుని మీకోసం చూస్తున్నాను. ఆఫీసులో అడిగాను. విద్యార్థులనే అడగమన్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

*

గౌరవనీయులైన మాస్టారికి,

నమస్కారాలు. చక్కని ప్రశ్న. ఇంతవరకు మీరేం ప్రయత్నించారు?

ఇట్లు,
మీ మార్గదర్శి

తా.క. నాలుగు నెలల కోర్సులో నెల అయిపోయింది. మీ హాజరు సున్నా. రేపటినుంచి ఒక్కరోజు కూడా మానకుండా వస్తే సరిగ్గా డెబ్బై ఐదు శాతం.