లంగర్ హవల్దార్

మార్చి 29, ఆదివారం

టికెట్ నాకే. ఉప ఎన్నికలో పార్టీ అభ్యర్థి హవల్దార్ గౌరీశంకర్, రిటైర్డ్. జాబితాలో నా పేరు మూడుసార్లు చదువుకున్నాను. ఈ ఉక్కు ఊళ్లో మా తెలుగు బస్తీ బిర్సానగర్‌లో టపాసులు ఎవరు కాల్చారో తెలియదు, ఆ పొగకి శ్రీదేవి దగ్గుతూనే నవ్వింది. పెళ్లినాడు కూడా అంత నవ్వలేదు.

నా మీద రెండు కేసులున్నాయి. బస్తీ ఇళ్లు కూల్చడానికి వచ్చిన బుల్డోజర్ ముందు పడుకున్నందుకు ఒకటి, దాని వెంట వచ్చిన ఇంజినీర్ కాలర్ పట్టుకున్నందుకు ఇంకొకటి. సగం ఊరు నన్ను ఫౌజీ అంటుంది, సగం ఊరు గూండా అంటుంది. గూండా అన్నవాళ్లకు జవాబు చెప్పగలను. ఫౌజీ అన్నవాళ్లతోనే నాకు భయం.

మార్చి 31

పోస్టర్లు వచ్చాయి. వెనక మంచు కొండలు, చేతిలో తుపాకీ, కింద కార్గిల్ యోధుడు అని పెద్ద అక్షరాలు. ఆ తుపాకీ నాది కాదు. ఆ చెయ్యి కూడా నాది కాదు. ప్రచారం చూసే పింటూ కంప్యూటర్‌లో అతికించాడు. భయ్యా, ఇమేజ్ బన్ గయా అని వాడి సంబరం.

ఇక్కడైనా నిజం రాసుకుంటాను. నేను ఫౌజ్‌లో కుక్‌ని. పద్దెనిమిదేళ్లు లంగర్‌లో, అంటే ఫౌజ్ వంటశాలలో, పప్పు వండాను, రొట్టెలు కాల్చాను. ఆ యుద్ధంలో కొండ కింద మా పొయ్యి పక్కనే షెల్స్ పడ్డాయి. పొయ్యి ఆర్పలేదు. పిరికివాణ్ని కాను. కానీ ఒక్క గుండు కూడా పేల్చలేదు.

అబద్ధం మొదలుపెట్టింది అమ్మ. నేను సెలవు మీద వచ్చేసరికే, మావోడు ఏడుగుర్ని సంపీసినాడు అని బస్తీ అంతా చెప్పేసింది. ఇరవై రెండేళ్లవాణ్ని, మెడలో దండలు వేస్తుంటే కాదనలేకపోయాను. ఇప్పుడు నలభై తొమ్మిది. ఆ ఏడుగురూ ఇంకా మా ఇంట్లోనే కాపురం ఉన్నారు. బయటపడితే సీటు పోతుంది. అది పోతే పోనీ, మా అమ్మ సింహాచలమ్మ ఇక ఈ వీధిలో తల ఎత్తుకుని నడవలేదు.

ఏప్రిల్ 4

అవతలి అభ్యర్థి సీతారామరావు. జుగ్సలాయిలో గోదాములు ఉన్నాయి, డబ్బుకి లోటు లేదు. యోధుడైతే మెడల్ చూపించమనండి అని మైకులో అడిగాడట. జవాబు ఇవ్వొద్దని పింటూ చేతులు పట్టుకున్నాడు. ఏం ఇవ్వను?

ఏప్రిల్ 7

పింటూ కొత్త ఐడియా. ఆదివారం అమ్మవారి సంబరంలో నేను ఘటం ఎత్తాలట. నెత్తి మీద కుండే కదా భయ్యా, ఫొటో అదిరిపోతుంది అన్నాడు.

పాపం వాడు పాట్నావాడు. ఘటం ఎత్తి ఇంటింటికీ తిరిగేవాడి కాళ్ల మీద పసుపునీళ్లు పోసిన ఆడమనిషి ఒక మాట అడగవచ్చు. వాడు నిజమే చెప్పి తీరాలి. మా బస్తీ పద్ధతి అది. తాగుడు మానేశావా, అప్పు ఎప్పుడు తీరుస్తావు అని మామూలుగా అడుగుతారు. ఎత్తనంటే, ఏటి తప్పు సేసినాడో అని అందరూ గుసగుసలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఏటయినాది, జొరమొచ్చినాదా అని శ్రీదేవి నుదురు ముట్టుకుని చూసింది.

ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2 గంటలు

చెప్పేశాను.

ఇరవై ఇళ్ల దాకా ఇబ్బంది లేదు. కాలువ ఎప్పుడు బాగవుతుంది అన్నారు, తెలీదు అన్నాను. నిజమే కదా. ఇరవై ఒకటో ఇల్లు దాలమ్మది. ఎనభై దాటిన మనిషి. చెంబు వంచి, పైకి చూసి, జాలిగా అడిగింది: బాబూ, ఆ ఏడుగుర్నీ సంపినప్పుడు నీకు బయమెయ్యనేదా?

డప్పులు ఆగాయి. పింటూ మనుషుల కెమెరాలు ఆగలేదు. ఘటం బరువు మెడలోకి దిగింది.

నానెవర్నీ సంపనేదు మామ్మా, వంట సేసినాను అన్నాను.

ఎంతమందికి అని అడిగింది. నూట ఇరవై మందికి, రెండు పూటలా అన్నాను. అయితే మంచిదే అని మిగిలిన నీళ్లు పోసేసింది.

వెనక్కి తిరిగి చూశాను. అమ్మ జనంలోంచి ఇంటికి వెళ్లిపోతోంది.

ఏప్రిల్ 13

వీడియో నాలుగు లక్షల మంది చూశారట. పార్టీ షోకాజ్ నోటీసు ఇచ్చింది. అభ్యర్థిని మార్చేవారే, నామినేషన్ల గడువు మొన్ననే అయిపోయింది. సబ్ ఖతం భయ్యా అని పింటూ మెట్ల మీద కూలబడ్డాడు.

అమ్మ కంచం పట్టుకుని పక్కింట్లో తిని వచ్చింది.

ఏప్రిల్ 14

అమ్మ ఈ రోజూ పక్కింట్లోనే తింది.

ఏప్రిల్ 17

సీతారామరావు సభ పెట్టాడు. గరిటె తిప్పేవాడికి అసెంబ్లీ ఏటి, మా ఇంట్లోనూ ఒక వంటోడున్నాడు, ఆడికీ టికెట్టిప్పించండి అన్నాడట. జనం పగలబడి నవ్వారట.

ఆ వంటవాడు సురేష్ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. మన జెండా ఒకటి ఇమ్మన్నాడు!

ఏప్రిల్ 21

ఏం రోజు! కద్మాలో ర్యాలీ. ఫ్యాక్టరీ క్యాంటీన్లలో కూరలు తరిగే ఆడవాళ్లు, బడి పిల్లలకి వండేవాళ్లు, టిఫిన్ బళ్లవాళ్లు, పెళ్లిళ్ల వంటవాళ్లు. చేతిలో గరిటె లేని మనిషి కనబడలేదు. హిందీవాళ్లు, ఒడియావాళ్లు, మనవాళ్లు. కల్పన అని క్యాంటీన్ మనిషి మైకు లాక్కుని, మేం వండకపోతే ఈ ఊళ్లో ఏ షిఫ్ట్ నడుత్తాదో సూత్తాం అంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

పింటూ పోస్టర్ మార్చాడు. కొండలు తీసేసి గరిటె పెట్టాడు. ఈసారి చెయ్యి నాదే.

ఏప్రిల్ 30

పోలింగ్. అమ్మ ఓటేసి వచ్చింది. ఎవరికో చెప్పలేదు. వేలి మీద సిరా మాత్రం చూసుకుంటూ కూర్చుంది.

మే 4

గెలిచాను. పదకొండు వేల రెండు వందల ఆరు మెజారిటీ. భుజాల మీద ఊరేగించారు, చెప్పులు ఎక్కడో పోయాయి. నేను ఎమ్మెల్యేని. వంటవాణ్ని, ఎమ్మెల్యేని. రెండూ కలిపి గట్టిగా అరవాలనిపించింది, అరిచాను కూడా. గూండా అన్నవాళ్లు ఇంకా గూండా అనే అంటున్నారు. అననీ.

విలేకరులు అమ్మని పట్టుకున్నారు. యుద్ధంలో మీ అబ్బాయి ఏం చేశాడమ్మా అని అడిగారు. గుమ్మంలో నిలబడి విన్నాను. నాకేటి తెల్సు, ఆడెప్పుడైనా సెప్పితే కదా అంది. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఊరంతా నాదే అనుకున్న రోజున ఆ ఒక్క తలుపు ముందు నిలబడిపోయాను.

మే 5

పొద్దున్నే అమ్మ పిండి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఆ కొండ కింద ఆళ్లకేటి పెట్టినావో నాకూ పెట్టు అంది.

నాలుగు రొట్టెలు తింది. ఉప్పు సాలనేదు అంది.

ఇంకోటి వెయ్యమంది.