ఓడలో తలుపు వేసుకోండి, అత్తయ్యా

అత్తయ్యా, మార్నింగ్ డ్యూటీకి వెళ్తున్నాను. టిఫిన్ హాట్‌ప్యాక్‌లో ఉంది. పదింటికి మిమ్మల్ని ఓడ యాత్రకి తీసుకెళ్ళే చర్చి వాళ్ళ బస్సు వస్తుంది.

ఓడ ఎక్కాక మీ గదికి లోపల గడియ వేసుకోండి. ఎవరైనా తలుపు కొడితే ఎవరో అడిగాకే తీయండి. గొలుసు గదిలోని లాకర్లో పెట్టండి. కనబడ్డ వాళ్ళకల్లా గది నంబరు చెప్పి "కాఫీకి రండమ్మా" అనకండి, అది మన నల్లగండ్ల ఫ్లాట్ కాదు. ఇక్కడ మీరు పొద్దస్తమానం తలుపు బార్లా తీసి పెడితే, లిఫ్టు దిగిన ప్రతివాళ్ళూ నైటీలో ఉన్న నన్ను పలకరించి పోతున్నారు!

రూబీ

మరిచాను. నాలుగింటికి మీ టీ కోసం పైఅంతస్తు తాతగారు, వాచ్‌మన్ భార్య వస్తారు కదా. మీరు తిరిగొచ్చేదాకా ఆ టైముకి తలుపు నేనే తీసి ఉంచుతాను. నైటీ మార్చుకున్నాకే లెండి.