చూరు లేని ఇంట్లో వరికుచ్చు

అత్తయ్యగారూ,

మీరు లేని మొదటి చలికాలం ఇది. కోతలవగానే వరికంకులతో పిచ్చుకలకు కుచ్చు అల్లాను. మీరున్నన్నాళ్లూ నన్ను అల్లనిచ్చేవారు కాదు. "నీ అల్లిక వదులమ్మా, గింజంతా రాలిపోద్ది" అనేవారు.

వేసవిలో పెంకులు దింపి డాబా వేయించాం. మీరు కుచ్చు కట్టే చూరే లేదిప్పుడు. వరండా స్లాబుకున్న కొక్కేనికి వేలాడదీశాను. పది రోజులైనా ఒక్క పిచ్చుకా రాలేదు. "ఇంకెక్కడి పిచ్చుకలు, తీసెయ్" అన్నారు మీ అబ్బాయి.

మీరైతే కుచ్చు కట్టి, పెళ్లివారిని పిలిచినట్టు పిలిచేవారు. "రండి, భోంచేయండి, మొహమాటపడకండి." పిట్టలక్కూడా ఈ మర్యాదలేమిటని వంటింట్లో నవ్వుకునేదాన్ని. మీకు వినపడే ఉంటుంది.

ఈ పొద్దున మంచు విడవకముందే రెండు వచ్చాయి. మీరన్నట్టే నా అల్లిక వదిలి గింజలు గచ్చంతా రాలాయి. అవి తాపీగా కిందే ఏరుకు తింటున్నాయి. మీ అబ్బాయి వరండా తలుపు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండండి, భోంచేస్తున్నారు" అనేశాను.

ఆయన నవ్వలేదు, అత్తయ్యగారూ. గడప లోపలే నిలబడిపోయారు.