గోనె విప్పని తూకం

2004 మే 2, ఆదివారం.
పొద్దుటి నుంచే వడగాలి. రేడియేటర్ కడిగి నీళ్ళు పోశాను. కారుతున్న చోట ఆగడానికి గుప్పెడు పసుపు వేశాను. సత్తెమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంట్ల కూరకు లేదు గని బండికి పసుపు."
పసుపు పనిచేసింది. బోడుమెట్ట దాకా కారలేదు.
డాంబరు రోడ్డు దిగి పన్నెండు కిలోమీటర్లు, అంతా అడవే. ఉల్లిగడ్డ రెండు బస్తాలు, ఉప్పు ఒకటి పట్టుకుపోయాను. పాత ఇనుముకు ఉల్లిగడ్డ — అక్కడ డబ్బు కంటే అదే ఇష్టం. ఊళ్ళో సగం మంది తునికాకుకు పోయారు. బండిని చింతచెట్టు కింద, పల్లానికి ముఖం పెట్టి ఆపాను. సెల్ఫ్ ఎత్తుకోదు. దొర్లితేనే స్టార్టు.
లాల్సు దాదా ఇంటి కప్పు విప్పి ఉంది. వానలకు ముందు కొత్త గడ్డి వేస్తున్నాడు. కొడుకు గోదావరి అవతలికి మిరప ఏరడానికి పోయి ఇంకా రాలేదు. కోడలు జైని ఒక గోనె నింపి గుమ్మంలో పెట్టింది. పైకి ఒక పాత కర్రు, చక్రం పట్టా కనిపించాయి. ఇరవై మూడు కిలోలు.
గోనె విప్పలేదు. ఎవరిదీ విప్పను. వాళ్ళ వాకిట్లోనే వాళ్ళ తుప్పు ఇనుము కుమ్మరించి కెలకడం — వాళ్ళ లేమిని నలుగురిలో పరిచినట్టు ఉంటుంది. గోనెతోనే తూచి, గోనె బరువు తీసేస్తాను. పద్నాలుగేళ్ళుగా అంతే. వేరే వాళ్ళు వచ్చినా ఈ ఊళ్ళవాళ్ళు నా కోసమే ఇనుము ఆపిపెడతారు.

మే 4, మంగళవారం.
చంద్రాపూర్. సేఠ్ యార్డులో లోడు దింపాను. గోనెల్లో ఏముందో చూడకుండానే కుప్ప మీద కుమ్మరించారు. వెనక టైరు ఇంకో రెండు ట్రిప్పులు వస్తుందేమో.

మే 5.
ఇంటికి చేరాను. నడుము నొప్పి.

మే 8, శనివారం.
ఎండ నడినెత్తిన ఉండగా లాల్సు దాదా వచ్చాడు. డాంబరు దాకా నడిచి, అక్కడ బస్సు పట్టుకున్నాడట. మంచినీళ్ళు ఇచ్చాను. చెంబు పట్టుకునే కూర్చున్నాడు, తాగలేదు.
"సావుకారీ, నా దేవుడు నీ బండ్లె పోయిండు."
పరాచికమనుకున్నాను. కాదు.
వాళ్ళ ఇంటిపేరు వాళ్ళందరికీ ఒక దేవుడు. జానెడు ఈటె మొన, ఇనుముది, తాతల నాటిది. దాదా ఇంట్లో దూలం మీద బుట్టలో ఉంటుంది. ఏడాదికి ఒకసారి, ఈ వచ్చే అమావాస్యకు, ఆరు ఊళ్ళ నుంచి ఆ ఇంటిపేరు వాళ్ళు వచ్చి దింపి కడుగుతారు. కోడళ్ళు వేరే ఇంటిపేరు నుంచి వస్తారు కనుక దాన్ని ముట్టకూడదు. చూడకూడదు కూడా.
కప్పు విప్పినప్పుడు పై నుంచి రాలిన తుప్పు ఇనుమంతా జైని గోనెలో వేసింది. ఇప్పుడు చూస్తే బుట్ట ఖాళీ.
"సూడనిదాన్ని ఎట్ల గుర్తువడ్తది ఆమె?" దాదాయే అడిగాడు, దాదాయే తల ఊపాడు.
పెద్దలు ఏమన్నారని అడిగాను.
"అమావాస్య దనుక ఆగుతమన్నరు. దొర్కకపోతే పొల్లను పుట్టింటికి తోల్తరు. పోరడు మాత్రం మా ఇంటిపేరు. మా దగ్గర్నే ఉండాలె."
ఆ పోరడికి, జైని కొడుక్కి, ఇంకా రెండేళ్ళు నిండలేదు. పాలు మానలేదు.
పోయేముందు ఒక్కటే మాట.
"గోనె విప్పి సూడకపోతివా?"
"విప్పను గద దాదా."
"అవు. విప్పవు."

మే 9.
సత్తెమ్మకు చెప్పాను. బియ్యం ఏరుతూనే వింది. తర్వాత — "దేవుణ్ణి తూకం పట్టినోడివి నువ్వే." మళ్ళీ కాసేపటికి, "రేపే పో. రొట్టెలు చేసి పెడ్త."

మే 10, సోమవారం.
ఖాళీ బండితో బయలుదేరాను. ఖాళీగా ఉంటే గుంతల్లో ఇంకా ఎగురుతుంది. అల్లపల్లి ఇవతల ఫ్యాన్ బెల్టు తెగింది. సైకిల్ ట్యూబు కోసి, మెలిపెట్టి కట్టాను. నాకా దగ్గర, చెక్‌పోస్టులో, ఆపారు. ఖాళీ బండి చంద్రాపూర్ ఎందుకు అని అడిగారు. ఏం చెప్పాలి. బెల్టుకు అన్నాను.

మే 11.
యార్డు. నా లోడులో సగం శుక్రవారమే కొలిమికి పోయిందట, లారీ నింపి పంపారు. మిగతా సగం కుప్పలో అడుగున. సేఠ్ హిందీలో అన్నాడు — వెతుక్కో, మా పని మాత్రం ఆగొద్దు.
పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టాను. పట్టుకుంటే ఇనుము కాలుతోంది. గోనె పీలికలు చేతులకు చుట్టుకున్నాను. దాదా గోనెలోని కర్రు దొరికింది. దాన్ని గుర్తుపట్టాను. చక్రం పట్టా కూడా. మొన లేదు.
లోడు ఎత్తే పోశం, మన సిరొంచ వైపు వాడే, కుప్ప మీద నిలబడి —
"సావుకారీ, దేవుడు కిలో ఎంతకు పడ్డడు?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు వెతకనిస్తేనే కదా.

మే 12, బుధవారం.
ఇవాళా లేదు. మధ్యాహ్నం పోశం వచ్చి పక్కన కూర్చున్నాడు. బీడీ ఇచ్చాడు.
"ఆ పిల్లకు ఎన్నేండ్లుంటయి?"
"ఇరవై ఉంటాయేమో."
బీడీ అయిపోయేదాకా కూర్చున్నాడు. లేచి, షెడ్డు వెనక్కి పోయి, ఏదో తెచ్చాడు. ఈటె మొన. జానెడు. తుప్పు పొరలు పొరలుగా. ఎవరి లోడులో వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో తెలియదు.
"గిది నడుస్తదా?"
"నేను తెచ్చింది కాదు."
"ఇనుముకు పేరు రాసి ఉంటదా, సావుకారీ?"
తీసుకున్నాను.

మే 13.
దారి. మొన పక్క సీటు మీద, తువ్వాలు చుట్టి. గుంత వచ్చినప్పుడల్లా ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఇదీ ఎవరిదో. ఏ ఊళ్ళో ఏ దూలం మీద ఉన్నదో. అక్కడా ఎవరో వెతికి ఉంటారు. వాళ్ళ సావుకారి వెనక్కి పోయి వెతికాడో లేదో.
అసలైనది కొలిమిలో కరిగి ఉంటుంది. దానికి ఇక ఎవరూ ఏమీ చేయలేరు. పిల్లకు చేయవచ్చు. ఇట్లా అనుకుంటూ వచ్చాను. దారంతా ఇదే.

మే 14, శుక్రవారం.
బోడుమెట్ట. దాదా ఒక్కడే ఉంటాడనుకున్నాను. ఐదుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. జైని ఇంటి వెనక ఉంది. పోరడి ఏడుపు వినిపిస్తోంది.
తువ్వాలు విప్పాను. దాదా రెండు చేతులతో తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పలేదు. అరచేతిలో ఊరికే పట్టుకున్నాడు, బరువు చూస్తున్నట్టు. ఆ చేతి తూకం ముందు నా కాటా ఎంత.
చాలాసేపు.
అందరికంటే ముసలాయన నన్నే చూస్తూ, తెలుగులో —
"ఈ ఇంటి పొల్ల గోనెలోదేనా?"
"ఆ గోనెలోదే."
"నీ కండ్లతోని సూసి తీసినవా?"
"చూసి తీశాను."
ముసలాయన మిగతావాళ్ళకు గోండీలో ఏదో చెప్పాడు. తర్వాత నా కోసం తెలుగులో కూడా అన్నాడు. "ఇతని కాటా ఎన్నడు తప్పలే. మాట ఎట్ల తప్పుతది?"
దాదా తల ఎత్తలేదు. లేచి లోపలికి తీసుకుపోయాడు.
వచ్చేటప్పుడు ఊళ్ళో వాళ్ళు ఐదారుగురు బండి తోశారు. ఎన్నడూ ఇద్దరి కంటే ఎక్కువ మంది రారు.

మే 16.
ఇనుముకు పోలేదు. ఒంట్లో బాగానే ఉంది.

మే 19, బుధవారం. అమావాస్య.
రమ్మని కబురు పంపారు. పోలేదు. బండి బాగాలేదని చెప్పించాను. బండి బాగానే ఉంది. వాళ్ళకు ఇది రెండో అబద్ధం. మొదటిదాని కంటే తేలికగా వచ్చింది.

మే 21, శుక్రవారం.
లాల్సు దాదా వచ్చాడు. కోడిని తెచ్చాడు, ఎండిన ఇప్పపువ్వు తెచ్చాడు. సత్తెమ్మ లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.
"ఏమాయె దాదా?"
"అయింది. కర్రకు కట్టి ఇద్దరు భుజాన ఎత్తుకున్నరు. మొదలు కదలలే. రెండుసార్లు అడిగిరి, కదలలే. మూడోసారికి కదిలిండు."
కర్ర దానంతట అదే ఒక పక్కకు లాగితే దేవుడు ఒప్పుకున్నట్టు.
"జైని?"
"ఇంట్లనే ఉన్నది. ఆకు తెంప పోయింది పొద్దుగాల."
సత్తెమ్మ దండం పెట్టింది. దాదా ఇప్పపువ్వు మూటను నా వైపు జరిపాడు.
"మా ముసలోళ్ళన్నరు, ఈసారి దేవుని మాట జర కొత్తగుందని." నవ్వాడు. "చంద్రాపూర్ సూసి అచ్చిండు గద. జర హిందీ నేర్చిండేమో."
సత్తెమ్మ కూడా నవ్వింది. నేను దాదా ముఖం చూశాను. అందులో ఏమీ దొరకలేదు.

మే 22.
కోడిని కోయలేదు. పెరట్లో తిరుగుతోంది.

మే 25, మంగళవారం.
అంకీస వైపు పోయాను. ఒక ఇంట్లో గోనె తెచ్చి పెట్టారు. విప్పమన్నాను. విప్పి, కుమ్మరించి, ఒక్కొక్కటి చూశాను. ఆ ఇంటామె ముఖం మాడ్చుకుంది. "ఏంది సావుకారీ, దొంగలమా మేము?" కాదమ్మా అన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను. ఆమె ఇంకెప్పుడూ పిలవదు.

మే 29, శనివారం.
సంతలో జైని. పోరడిని వీపుకు కట్టుకుంది. బండి దగ్గరకు వచ్చి, మనుషులు పోయేదాకా ఉల్లిగడ్డలు ఏరుతున్నట్టు నిలబడింది. టేకాకు పొట్లం నా సీటు మీద పెట్టింది.
"విప్పకు" అంది.
విప్పాల్సిన పని లేదు. జానెడు పొడుగు. తెలిసింది.
గొంతు తగ్గించి చెప్పింది. పాత కప్పు వెదుళ్ళు పొయ్యిలోకి చీలుస్తుంటే ఒక బొంగులోంచి అసలు మొన రాలిందట. బుట్ట అడుగు చిరిగి ఉన్నది ముందే. దాంట్లోంచి జారి బొంగులో పడ్డది. అది గోనెలోకి రాలేదు. నా బండి ఎక్కలేదు. నా కాటా మీదికి రానే లేదు.
"నేను ముట్టిన. ఆకుతోని పట్టిన గని ముట్టిన."
"మీ మామకు తెలుసా?"
"తెల్వది." కొంచెం ఆగి, "అడగలే నేను."
"నాకెందుకు తెచ్చినవమ్మా?"
"నువ్వే గద కండ్లతోని సూసి తీసినవు. అందరి ముందల అన్నవు. ఇప్పుడు ఇది ఇంట్ల దొర్కితే నువ్వు అబద్ధమాడినవంటరు. మామ అబద్ధాన్ని మొక్కిచ్చిండంటరు. నన్నయితే—" పోరడు జుట్టు లాగాడు. విడిపించుకుంది. "నీ ఇనుములల్ల వేసెయ్. ఎంతో ఇనుము పోతది గద నీ బండ్ల."
ఉల్లిగడ్డలు అరకిలో తీసుకుంది. ఊరికే ఇస్తానన్నా వినలేదు. లెక్కపెట్టి చిల్లర ఇచ్చి పోయింది.

మే 30.
పొట్లం వెనక గదిలో, ఉప్పు బస్తా పైన చెక్క మీద. సత్తెమ్మతో వైరు చుట్ట అన్నాను.

జూన్ 1, మంగళవారం.
దాదాకు ఇస్తే — నా మాట పోతుంది, అది పోనీ. కానీ జైని ముట్టిందని తెలుస్తుంది. పోరడు అక్కడ, ఆమె పుట్టింట్లో.
ఇంట్లో ఉంచితే — వేరే వాళ్ళ దేవుడు నా ఉప్పు బస్తా మీద. ఆరు ఊళ్ళవాళ్ళు మొక్కాల్సినవాడు.
ప్రాణహితలో వేస్తే — పొద్దున రేవు దాకా పోయాను. నీళ్ళు మోకాలి లోతు. పిల్లలు ఇసుకలో తవ్వుతున్నారు. ఎండాకాలం ఏరు దేన్నీ దాచదు. వెనక్కి తెచ్చాను.
లోడులో వేస్తే — అందరూ బతుకుతారు. నేను చెప్పినదాంట్లో సగం అప్పుడు నిజమవుతుంది. నా బండిలో పోయిందన్నాను. పోతుంది.

జూన్ 3.
ఆకాశం ప్రాణహిత వైపు నల్లబడింది. చినుకు పడలేదు. మిరుగం కార్తె దగ్గరకు వచ్చింది. వానలు పడితే అల్లపల్లి రోడ్డు దసరా దాకా లోడు బండికి పనికిరాదు. శనివారం ఆఖరి లోడు.
సత్తెమ్మ అడిగింది. "అన్నం సరిగ్గ తింటలేవు. ఆ పిల్ల ఇల్లు నిలవడ్డది గద. ఇంకేం పరేషాన్?"
ఎండ అన్నాను.

జూన్ 4.
జైని మొగుడు మిరప నుంచి వచ్చాడట. బస్సులో కనిపించాడని పక్కింటి వాళ్ళు చెప్పారు. పోరడికి రబ్బరు బూట్లు తెచ్చాడట, ఎర్రవి.

జూన్ 5, శనివారం.
తెల్లవారేసరికి ఉక్క. గాలి లేదు. వెనక టైరు గాలి చూశాను, సరిపోయింది. రేడియేటర్ నింపాను.
లోడు ఎత్తుతున్నాను. ఇవాళ సహాయం ఎవరినీ పిలవలేదు. బీడు ఇనుము నాలుగు గోనెలు. రేకు డబ్బాలు తొక్కి మూడు. సైకిల్ ఫ్రేములు ఆరు, తాడుతో కట్టాను. బోరు పైపు ముక్కలు అడుగున. పాత కర్రులు, గొడ్డళ్ళు ఒక గోనె — మూతి కుట్టలేదు ఇంకా. దబ్బనం చేతిలోనే ఉంది.
గోనెలన్నీ విప్పి చూసే కట్టాను ఈసారి. ఈ ఒక్కటే మిగిలింది.
సత్తెమ్మ పిలుస్తోంది. బండి తొయ్యడానికి మనుషులు వచ్చారట, వాళ్ళకు పనులున్నాయట. చినుకులు మొదలైనట్టున్నాయి, రేకుల మీద చప్పుడు. వస్తున్నానన్నాను. ఈ గోనె మూతి కుట్టి, తూచి, రాసి — వెనక గదిలోకి పోయి ఆకు పొట్లం తెచ్చాను. గోనె మూతి ఇంకా తెరిచే ఉంది.