అక్షింతలు పడిన చేను

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వానల్లేక వేరుశనగ ఏటా ఎండిపోతోందని, ఈసారి బోరు కింద మొక్కజొన్న వేశాం. కురవని మబ్బు రోజుల తరబడి పట్టి, పైరుకు పేనుబంక తగిలింది. ఆకులన్నీ జిగురు. నీ కొడుకు పావగడ నుంచి మందు తెచ్చి, పంపు వీపుకు తగిలించుకున్నాడు.

ఆకు తిప్పి చూస్తే, నల్లచుక్కల ఎర్రటి అక్షింతల పురుగులు ఆ పేనుబంకను తింటున్నాయి. గట్టు మీద ఆయనకు అడ్డంగా నిలబడ్డాను.

"చేనుకు అక్షింతలు పడినాయి. పెండ్లింట్లో ఇసం చల్తారా యాడన్నా?" అన్నాను. వేరుశనగ చేలో నువ్వు ఎన్నోసార్లు అన్న మాటే అది.

"మాయమ్మ యాడికీ పోలేదు, ఈడనే ఉండాది" అని నవ్వుతూ ఆయన పంపు దించాడు.

పంట నిలిచింది. మన అరసికెరె ఊరంతా వచ్చి చూసింది. "ఎవరు చెప్పినారమ్మా నీకు?" అని అడిగితే, "మా అత్త" అని తలెత్తి చెప్పాను.

ఈరోజు తొలి కంకులు నీ పటం ముందు పెట్టాను. మామ పోయాక ఏ పెళ్లిలోనూ నిన్ను అక్షింతలు ముట్టనివ్వలేదు కదా. కంకి పొట్టులోంచి ఒక అక్షింత బయటికి వచ్చి, నేరుగా నీ పటం ఎక్కింది.

నీ కోడలు