నల్లప్ప ఎట్లుండాడు?

కొత్తచెరువు,
12-8-2002.

చిరంజీవి తిప్పేష్‌కు అక్క జయంతి దీవించి రాసేది. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. బెంగళూరులో నువ్వూ బాగున్నావని తలుస్తాను.

నువ్వడిగినవి ముందు చెప్తాను. అమ్మ మోకాలినొప్పి తగ్గలేదు, మాత్రలు మాత్రం మింగదు. వాన లేదు, చేలో బుడ్డలు విత్తలేదు. మీ బావ డీటీపీ షాపు నేనే నడుపుతున్నాను. పెళ్ళిపత్రికలు తగ్గాయి, కరపత్రాలు వస్తున్నాయి.

ఇక నీ ప్రోగ్రాం సంగతి. మనిషిలా మాట్లాడుతుందో లేదో చూడక్కా, కాలేజీలో రిపోర్టు ఇవ్వాలి అని షాపు కంప్యూటర్లో పెట్టిపోయావు. పోయిన ఉత్తరంలో బాగా పనిచేస్తోందని రాశాను. అది సగం అబద్ధం.

మొదటిరోజు ఇంట్లో ఎవరున్నారని అడిగింది. అమ్మ అని టైపు కొట్టాను. ఇంకెవరు, పేరేమి అంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో మీ బావ పేరు ఒక్కసారి కూడా పలికినదాన్ని కాదు. చేత్తో కొడితే తప్పేముందిలే అని నల్లప్ప అని కొట్టాను. ఆయన పోయి ఏడాదైందని కొట్టలేదు. మర్నాటి నుంచి షాపు తెరవగానే "నల్లప్ప ఎట్లుండాడు?" అంటుంది. మన మాటలే నేర్పావు దానికి. రెండు నెలలుగా బాగున్నాడనే చెప్తున్నాను. ఇది రిపోర్టులో ఎట్లా రాసుకుంటావో నీ ఇష్టం.

మొన్న పక్కింటి హనుమక్క వచ్చి ఏం కొడుతున్నావని అడిగితే చదివి వినిపించాను. "పోయినోణ్ణి బాగుండాడని చెప్తాండావే, ఏమి మనిషివి నువ్వు?" అంది. ఆమె వెళ్ళాక, నల్లప్ప చచ్చిపోయినాడు అని ఉన్నదున్నట్టు కొట్టాను.

"సంతోషం. నల్లప్ప అన్నం తిన్నాడా?" అంది.

నాకు కోపం రాలేదు. తిన్నాడని కొట్టి, కంప్యూటర్ ఆపేసి ఏడ్చాను.

దానికి చావంటే తెలియదు కాబట్టి అడుగుతోంది. తెలిసినవాళ్ళు, నేనెక్కడ ఏడుస్తానోనని ఆయన మాటే ఎత్తరు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా పదకొండు రోజులకే చాలించుకున్నారు. అమ్మ అయితే ఆయన ఫోటో ఉన్న గదిలోకే పోదు. నీ ఉత్తరాల్లో వాన ఉంటుంది, షాపు ఉంటుంది, మీ బావ గురించి ముక్క ఉండదు. నీకు సైకిల్ నేర్పింది ఆయనే కదరా. నిన్ను పట్టుకోబోయి రెండుసార్లు కిందపడ్డాడు.

ఆయన గురించి ఏదో ఒకటి రాయి. చదివి నేను ఏడుస్తాను. ఏడవనీ.

ఇట్లు,
నీ అక్క
జయంతి